బావ ఇంజనుకు కొత్త మోటారు

8 జనవరి 1984, ఆదివారం. పర్చూరు.

బస్సు దిగి ఇంటికి చేరేసరికి చర్చిలో రెండో పాట. అక్క లోపల. బావ మాత్రం చర్చికీ మా వాళ్ళ ఇంటికీ మధ్య గోడకి ఇవతల, పెరట్లో, జామచెట్టు కింద స్టూలు మీద. పెదవులు కదులుతున్నాయి. గొంతు బయటికి రావడం లేదు.

గోడకి తన చిన్న రైలు పట్టాల కోసం బావే కొట్టిన కంత ఉంది. దానికి రేకు అడ్డం పెట్టాడు. కిందటి కోత పండుగ నుంచీ తీయలేదట.

ఆ రోజు నేను లేను. తెలిసినంత వరకూ రాసుకుంటాను, లేకపోతే నాకు తేలదు. పండుగకి సంఘంలో ప్రతి ఇల్లూ తొలి పంట తెస్తుంది — మిరపకాయలు, పత్తి, గుడ్లు, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక వేలం. రిటైరయిన దగ్గర్నుంచి బావ చేసుకుంటున్న మూరెడు ఇంజను, ఆరు చెక్క పెట్టెలు ఆ కానుకలు వేసుకుని పెరట్లోంచి చర్చి అరుగు దాకా వెళ్ళాలి. నలభై అయిదు అడుగుల దారి, అంతా ఎక్కుడే. సగంలో ఆగింది. సంఘ పెద్ద ఇస్సాకు గొడుగు కర్రతో నెట్టాడు. జనం నవ్వారు. ముప్పై ఏళ్ళు నిజం ఇంజను నడిపిన మనిషి, ఆ రోజు నుంచి చర్చిలో అడుగు పెట్టలేదు.

అక్క వచ్చింది. బైబిలు బల్ల మీద పెడుతూనే మొదలుపెట్టింది. "నువ్వన్నా చెప్పరా రత్నం. చర్చి అయ్యగారు మూడుసార్లు ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయారు. ఈయన ఆమెన్ అని కూడా అనలేదు."

"దేవుడితో నాకేం గొడవ లేదే," అన్నాడు బావ. "ఆ ఎత్తుతోనే."

పండుగ ఫిబ్రవరి ఇరవై ఆరున. ఏడు వారాలు. ఈసారి ఎక్కించాలి, లోపలి యంత్రం మొత్తం మార్చాలి అంటాడు. కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నాడు. కుడి చెయ్యి వణుకు ఎక్కువైంది.

"స్క్రూ పట్టుకోలేకపోతున్నానోయ్. నువ్వు పట్టుకో. ఎలా పట్టుకోవాలో నేను చెప్తా."

"నాకు ఆ పని రాదు బావా."

"మీ పేపరోళ్ళకి రైళ్ళ సంగతి ఏం వచ్చు? రాయడం లేదూ?"

12 జనవరి. గుంటూరు.

మార్కెట్ యార్డు వార్త ఇచ్చేసి పాత ఇనుము కొట్లకి వెళ్ళాను. బావ చీటీలో ఒకటే మాట — లారీ వైపరు మోటారు.

"ఏ బండికి సార్?"

"రైలింజనుకి."

కొట్టతను నన్ను చూశాడు. లోపలికి కేకేశాడు. "ఒరేయ్, రైలింజనుకి వైపరంట! అద్దం కూడా కావాలేమో కనుక్కో!"

నాలుగు తిప్పి చూశాం. మూడోది ఆగకుండా తిరిగింది.

13 జనవరి

బల్ల మీద తిప్పి చూశాను. వాన లేదు, వాన చప్పుడు.

22 జనవరి, ఆదివారం. పర్చూరు.

పాతది విప్పాం. విప్పింది నేను. చెప్పింది బావ.

ఉన్నది ఉన్నట్టు: ఒక టేపు రికార్డరు మోటారు. దాన్నుంచి వెనక ఇరుసుకి సైకిలు ట్యూబు కోసి వేసిన రబ్బరు రింగు. ఆ ఒక్క ఇరుసే తిరుగుతుంది. మిగతా రెండూ ఊరికే వెంట వస్తాయి. చక్రాల పక్కన కనబడే కడ్డీలు అలంకారం. బరువు పడితే రబ్బరు జారుతుంది. ఎండకి సాగుతుంది. ఇదే బండిని అయిదేళ్ళు నడిపింది.

కొత్తది: వైపరు మోటారు లోపలే స్క్రూ లాంటి కడ్డీ ఒకటి ఉంది, అది ఒక పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. వేగం తక్కువ, బలం ఎక్కువ. దాన్నుంచి నడిమి ఇరుసుకి ఇత్తడి పళ్ళ చక్రాలు రెండు. పక్క కడ్డీలు ఇక నిజంగా పని చెయ్యాలి, మూడు ఇరుసులనీ కలిపి తిప్పాలి. వెనక బొగ్గు పెట్టెలో మోటారు సైకిలు బ్యాటరీలు రెండు.

ఇంకో సంగతి. ఈ మోటారు చక్రాలను తిప్పగలదు, చక్రాలు మోటారును తిప్పలేవు. వెనక నుంచి నెడితే బిగుసుకుపోతుంది.

"ఈసారి ఆగితే ఎవడూ గొడుగు పెట్టి నెట్టలేడు," అన్నాడు బావ.

"అంటే ఆగితే అక్కడే."

"అక్కడే."

అతనికి అది నచ్చింది. నాకు నచ్చలేదు.

రబ్బరు రింగు చెత్తలో పారేశాను. కాసేపటికి చూస్తే బావ చొక్కా జేబులో ఉంది.

24 జనవరి. చీరాల.

నేతపనివాళ్ళ సభకి వచ్చి, మధ్యాహ్నం లేతు షాపులో కూర్చున్నాను. మరమగ్గాలకి పళ్ళ చక్రాలు కోసే మనిషి. కొలతల కాయితం తిప్పి తిప్పి చూశాడు.

"ఇంత చిన్నదా? ఏం నేస్తారండీ దీనితో?"

రైలు అని చెప్పాను. డబ్బు తీసుకోలేదు. నడిచేటప్పుడు పిలవమన్నాడు.

29 జనవరి, ఆదివారం. పర్చూరు.

తప్పు నాది. వివరంగా రాసుకోవాలి.

నడిమి ఇరుసుకి పళ్ళ చక్రం ఎక్కించాలంటే బండి చక్రం ఊడదీయాలి. ఊడదీశాను. మళ్ళీ బిగించేటప్పుడు ఒక నియమం ఉంది. కడ్డీ తగిలించే మేకు కుడి చక్రం మీద పైన ఉన్నప్పుడు, ఎడమ చక్రం మీద సరిగ్గా పావు చుట్టు తేడాలో ఉండాలి. మూడు ఇరుసులకీ అదే పావు. నిజం ఇంజనుకీ ఇంతేనట. రెండు పక్కలా మేకులు ఒకేసారి చివరకి వస్తే, ఆ చోట ఆగిన బండి మళ్ళీ కదలదు.

ఊడదీసే ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. గుర్తు ప్రకారం బిగించాను. కడ్డీలు తగిలించాం. మోటారు తిప్పాం. తిరిగింది. ప్రతి చుట్టులో ఒకచోట చిన్న పట్టు.

బావ కళ్ళు మూసుకుని విన్నాడు. "కుంటుతోంది. నడిమిది."

"గుర్తు పెట్టే బిగించాను బావా."

"గుర్తు పెట్టింది ఎవరు?"

"నేనే."

"ఆ గుర్తునే చూశావు గానీ చక్రాన్ని చూడలేదు."

వెంట్రుకవాసి తేడా. కనబడదు, వినబడుతుంది. నాకు వినడం రాదు. మూడూ ఊడదీసి, మూలమట్టం పెట్టి మొదటి నుంచి బిగించేసరికి సాయంత్రం నాలుగు.

అక్క పకోడీలు పెట్టి అంది — "ఆయన నిన్ను తిట్టాడా? మంచిదే. ఏడాదిగా ఎవర్నీ తిట్టలేదు."

2 ఫిబ్రవరి

మిరప యార్డు అంతా ఎరుపు. తుమ్ములు. ధర రాశాను. ఇంకేం లేదు.

5 ఫిబ్రవరి, ఆదివారం. పర్చూరు.

మొదటిసారి పట్టాల మీద. కంతకున్న రేకు బావ తీయలేదు, నన్ను తీయమన్నాడు. అవతల ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక.

ఖాళీ పెట్టెలతో ఎక్కింది. బావ పక్కనే వంగి నడిచాడు, కంత దాకా. అక్కడ ఆగిపోయాడు. అవతల ఇంజనుతో నడిచింది నేను. అరుగు దాకా వెళ్ళి ఆపేశాను.

తర్వాత పెట్టెకి ఒక ఇటుక. ఆరు ఇటుకలు. పది అడుగులు ఎక్కింది. ఆపైన మోటారు తిరుగుతూనే ఉంది, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి అక్కడే ఉంది. పట్టాల మీద చక్రాలు జారుతున్నాయి.

మొహం ఎలా పెట్టాలో తెలియక వెనక్కి తిరిగాను. బావ కంతలోంచి తల పెట్టి చూస్తున్నాడు. నవ్వుతున్నాడు.

"ఇన్నాళ్ళూ దానికి బొమ్మ జబ్బురా. ఇప్పుడు ఇంజను జబ్బు వచ్చింది."

బలం సరిపోయింది, ఇప్పుడు పట్టు చాలడం లేదు. పట్టు కావాలంటే చక్రాల మీద బరువు కావాలి. బాయిలరు ఖాళీ రేకు డబ్బా. దాన్ని నింపాలి. ఇనుము కన్నా బరువైనది, తక్కువ చోటు పట్టేది.

బస్సులో తోచింది. అచ్చు సీసం.

8 ఫిబ్రవరి. బ్రాడీపేట, గుంటూరు.

పెళ్ళి శుభలేఖలు వేసే ప్రెస్సు. కంపోజిటరు నాకు పాతికేళ్ళుగా తెలుసు. అరిగిపోయిన అక్షరాలు కరిగించడానికి డబ్బాలో పోసి ఉంచుతాడు. అడిగాను.

"ఎన్ని కావాలి?"

"ఒక బాయిలరుకి సరిపడా."

"'శ్రీ' లు ఎక్కువ ఉన్నాయండి. అవే ముందు అరుగుతాయి. పరవాలేదా?"

పరవాలేదన్నాను. గుడ్డ సంచీ. బస్సులో ఒళ్ళో పెట్టుకోలేకపోయాను, అంత బరువు.

12 ఫిబ్రవరి, ఆదివారం. పర్చూరు.

అక్షరాలు బాయిలర్లో పోసి కొవ్వొత్తి మైనంతో కదలకుండా చేశాం. ఆరు ఇటుకలతో ఎక్కింది. ఎనిమిదితో ఎక్కింది. పన్నెండుతో ఆఖరి గజంలో జారి, ఆగి, మళ్ళీ పట్టుకుని ఎక్కింది.

బావ నా చేత పెట్టెల పక్కన తెల్ల రంగుతో రాయించాడు — లోడు అయిదు కిలోలు. వ్యాగన్ల మీద ఉంటుంది కదా, అలాగే. నా అక్షరాలు బాగా వచ్చాయి.

చర్చి వదిలాక ఇస్సాకు గారు కంతలోంచి తొంగి చూశాడు. మిరప రైతు, సంఘ పెద్ద, గొంతు మైకు అక్కర్లేనిది.

"ఏం డ్రైవరుగారూ! ఈ ఏడన్నా ఎక్కుద్దా, నా గొడుగు తెచ్చుకోనా?"

"తెచ్చుకో. ఎండగా ఉంటది."

పెట్టె మీద అక్షరాలు చదివాడు. నవ్వు పోయింది. "అయిదు కిలోలేందండీ? దేవుడికిచ్చేదానికి కొలతా?"

"దేవుడికి కాదయ్యా, పెట్టెకి."

"ఏ పెట్టెకైనా గానీ. నేను ఆరు కిలోలు తెస్తే ఒక కిలో మా ఇంటికి తీసుకుపోవాలా? ఆఖర్న ఎవరో ముసలమ్మ గుప్పెడు గింజలు తెచ్చిద్ది. నిండింది, నీది వద్దు పో అంటావా? నువ్వంటావా ఆ మాట?"

బావ వంగి ఆ పెట్టె మీది అక్షరాలు తనూ చదివాడు.

అయ్యగారు కూడా వచ్చారు. చిన్నవయసు, మెత్తని మాట. "కానుకని వెనక్కి పంపడం మన సంఘంలో ఎప్పుడూ లేదండి," అని మాత్రం అన్నారు. అక్కడితో ఆపేశారు.

వాళ్ళు వెళ్ళాక బావ కిరోసిన్ గుడ్డ అడిగాడు. తడి ఆరని అక్షరాలు తనే తుడిచాడు. వణుకుతున్న చేత్తో ఆరు పెట్టెలు. నన్ను పట్టుకోనివ్వలేదు.

15 ఫిబ్రవరి, బుధవారం

పత్తికి తెల్లదోమ. ఇంకొల్లు వైపు పొలాలు చూసి వస్తూ పర్చూరులో ఇస్సాకు గారి కళ్ళం దగ్గర ఆగాను. పని వార్తది, ప్రశ్న నాది. కిందటేడు ఏ పెట్టెలో ఏం వేశారు?

ఏడాది నుంచి అందరూ ఇంజను ఆగింది అంటున్నారు. ఎంత బరువుకి ఆగింది అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగడం నా ఉద్యోగం.

ఇస్సాకు మిరపకాయలు ఎగదోస్తూనే చెప్పాడు. మొదటి పెట్టెలో తన కాయలు. రెండు, మూడులో పత్తి, జొన్నలు. నాలుగులో వంకాయలు. అయిదులో గుడ్లు, ఒక కోడి.

"ఆరులో?"

చేతిలో పార ఆగింది. "ఆరోది ఖాళీగానే ఉందండీ బండి కదిలేసరికి."

"తర్వాత?"

"తర్వాతేముంది... మీ అక్కగారు పరిగెత్తుకుంటా వచ్చి గుమ్మడికాయ పెట్టారు. పెద్దకాయ. మీ పెరట్లోదే. కాయ తీగ నుంచి తెగక ఆలస్యమైందనుకుంటా. బండి అప్పటికే ఎత్తు మీద ఉంది. నాలుగు బారలు పోయి ఆగిపోయింది." మళ్ళీ పార ఎత్తి — "నేను ఎవరికీ చెప్పలేదండీ. అందుకే గొడుగు పెట్టి నెట్టింది. నవ్వులో కలిసిపోద్దనుకున్నా."

అతన్ని ఏడాదిగా ఒక రకంగా అనుకుంటూ వచ్చాను.

16 ఫిబ్రవరి. గుంటూరు.

బావకి చెప్పాలా? నిజమే. నిజం కాబట్టే చెప్పాలని పాతికేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను.

చెబితే ఇంజను తప్పు పోతుంది. తప్పు అక్క మీదకి వెళుతుంది.

అక్కకి తెలుసు. తెలిసే ఏడాదిగా "నువ్వన్నా చెప్పరా" అంటోంది.

17 ఫిబ్రవరి

ఏమీ తేల్చలేదు.

19 ఫిబ్రవరి, ఆదివారం. పర్చూరు.

వీధి మలుపులోనే వినబడింది. గరగర. ఇప్పుడు నాకూ వినబడుతోంది.

నిన్న బావ ఒక్కడే ఒక పని చేశాడు. ఆవిరి ఇంజను ఎత్తు ఎక్కేటప్పుడు జారితే చక్రాల ముందు పట్టాల మీద ఇసుక వదులుతారు. ముప్పై ఏళ్ళ అలవాటు. చీరాల నుంచి సముద్రపు ఇసుక తెప్పించి, అక్క పిండి జల్లెడలో జల్లించి, ఇంజను ముందు రెండు గొట్టాలు పెట్టి వదిలాడు. పట్టు బ్రహ్మాండంగా వచ్చిందట. పద్నాలుగు ఇటుకలు ఎక్కాయట.

నిజం ఇంజనులో చక్రం మనిషంత ఎత్తు. పళ్ళు, ఇరుసులు ఇసుకకి దూరం. ఇక్కడ అంతా రెండంగుళాల లోపల. పైగా ఇంజను షెడ్డు మనిషి ఎక్కడ చూస్తే అక్కడ నూనె పోస్తాడు. నూనె ఉన్నచోటల్లా ఇసుక అంటుకుంది. రెండూ కలిసి ఆకురాయి అయ్యాయి. ఇరుసులు తిరిగే ఇత్తడి గొట్టాలు నాలుగు అరిగి గుండ్రం పోయాయి. పళ్ళు మాత్రం బతికాయి.

వారం ఉంది.

విప్పుతుంటే బావే అన్నాడు. "షెడ్డు బుద్ధి. ఎక్కుతుంటే ఆపలేకపోయాను."

"పన్నెండు ఇటుకలు చాలు కదా బావా. ఇంకా ఎందుకు?"

"ఎంత వస్తుందో ఎవరికి తెలుసు? కదిలాక కూడా వేస్తారు."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. అతను నా వైపు చూడలేదు.

"గుమ్మడికాయ సంగతి మీకు..."

"బండి కదిలాక వెనక లోడు పడితే డ్రైవరుకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందోయ్?"

వంటింట్లో అక్క గిన్నెలు. బావ గొంతు తగ్గించాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లో గార్డుతో, స్టేషన్ మాస్టరుతో, లోడు ఎక్కువుంది, తగ్గించండి, లేకపోతే కదలను అన్నాడట. పై అధికారులతో అన్నాడట. ఆ రోజు అనలేకపోయాడు. "మీ అక్క కాయ పెట్టి చేతులు జోడించుకుని నిలబడింది. దింపు అని ఎవరికి చెప్పను? ఎక్కదని తెలిసి కూడా మీట ముందుకి తోశాను. అది డ్రైవరు చేసే పని కాదు."

వాళ్ళ నవ్వు గురించి ఒక్క మాట లేదు.

నేను ఆరు వారాలుగా తప్పు కారణం రాసుకుంటూ వచ్చాను.

21 ఫిబ్రవరి. చీరాల.

లేతు షాపు. నాలుగు గొట్టాలు. "అప్పుడే అరిగాయా? ఏం నేశారు?" అన్నాడు.

25 ఫిబ్రవరి, శనివారం. పర్చూరు.

సెలవు పెట్టాను. కొత్త గొట్టాలు, కిరోసిన్‌తో కడిగిన పళ్ళు, నూనె చుక్క చొప్పున — చుక్కలు నేను లెక్కపెట్టాను, బావ విసుక్కున్నాడు. ఇసుక గొట్టాలు పీకేశాం. నాలుగుసార్లు నడిపాం, పన్నెండు ఇటుకలతో. నాలుగుసార్లూ ఎక్కింది. పదమూడుతో ఒకసారి ఎక్కింది, ఒకసారి లేదు.

బావ నాలుగుసార్లూ కంత దగ్గరే ఆగాడు. "రేపు?" అన్నాను. "రేపు ఇంజను ఎటు పోతే నేనటు. డ్రైవరు బండిని వదలడు."

అంటే ఎక్కితే వెళతాడు. ఎక్కకపోతే మధ్యలోనే.

అక్క అడిగింది, పొయ్యి వైపు చూస్తూ — "ఒరేయ్, ఈసారి ఒక గుడ్డు ఇస్తే చాలంటావా?" "నీకు ఏది ఇవ్వాలనిపిస్తే అది ఇవ్వు అక్కా," అన్నాను. చెప్పాక అది మంచి సలహానో కాదో తెలియలేదు.

రేపు ఆఫీసులో ఫోటోగ్రాఫరు ఒక్కడే ఉంటాడు, ఈ రాత్రికే కాయితాలు ఇచ్చి రావాలి. ఆఖరి బస్సుకి గుంటూరు. పొద్దున మొదటి బస్సుకి తిరిగి.

26 ఫిబ్రవరి, ఆదివారం. గుంటూరు.

తెల్లవారుజామున అయిదున్నరకి ఫోను. ఊరి బయట పత్తి మిల్లులో మంటలు. వెళ్ళమన్నారు. వెళ్ళాను.

బేళ్ళు లోపల నుంచి కాలుతాయి. పైన ఆరినట్టుంటుంది, గంటకి మళ్ళీ పొగ. ప్రాణనష్టం లేదు. పన్నెండు గంటలకి చర్చిలో వేలం మొదలై ఉంటుంది అనుకున్నాను. ఆ సమయంలో నోట్‌బుక్‌లో రాసుకున్న అంకె రెండోసారి చూస్తే తప్పు. ఫైరు ఆఫీసరుని మళ్ళీ అడగాల్సి వచ్చింది.

27 ఫిబ్రవరి, సోమవారం. పర్చూరు.

మధ్యాహ్నం బస్సు. విన్నది విన్నట్టు.

అక్క: "ఎక్కింది. మొత్తం ఎక్కింది. నీకెందుకు అనుమానం?" ఏం ఇచ్చావు అంటే — "ఇవ్వాలనిపించింది ఇచ్చాను."

ఇస్సాకు, కళ్ళం దగ్గర: "అయిదు పెట్టెలు ఎక్కినయ్ రత్నంగారూ, బస్సులాగా. ఆరోది మధ్యలో కొక్కెం విప్పి డ్రైవరుగారే రెండు చేతుల్తో ఎత్తుకొచ్చారు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. ఆ వణికే చేతుల్తోనే."

ఆ మాట అక్కకి చెప్పాను. "ఇస్సాకు గారికి దూరపు చూపు ఆనదు," అంది.

అయ్యగారు: "నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నానండి. తెరిచేసరికి ఆరు పెట్టెలూ అరుగు మీద ఉన్నాయి. వరసలోనే ఉన్నాయనుకుంటా."

ముగ్గురూ ఒప్పుకున్నది ఒకటి. బావ లోపలికి వచ్చాడు. వెనక చాప మీద కూర్చున్నాడు. ఆఖరి పాట పాడాడు, గొంతుతో.

ఎలా వచ్చాడు? ఎక్కిన బండి వెంట వచ్చాడా? ఎక్కదని తెలిసి, ఈసారి మీట తోయకుండా, ఆపి, విప్పి, మోసుకుని వచ్చాడా? రెండిటికీ చాలా తేడా ఉంది. వార్తయితే నిలిపేసేవాణ్ణి.

28 ఫిబ్రవరి. పర్చూరు.

పొద్దున్నే పట్టాల వెంట నడిచాను. బండి నిలిచిన చోట చక్రాలు జారితే పట్టా మీద మెరుపు మచ్చ పడుతుంది. ఇదివరకటి ఇటుకల రోజులవి ఉన్నాయి, ఏవి పాతవో ఏవి కొత్తవో తెలియదు. మట్టి మీద అడుగులు చూద్దామంటే అక్క తెల్లవారకముందే ఇటు నుంచి అటు దాకా ఊడ్చి కళ్ళాపి చల్లింది. ఎప్పుడూ చర్చి వైపు చల్లదు.

కంతకి రేకు లేదు.

బావ ఇంజను బల్ల మీద బోర్లించి ఉంచాడు. అడిగాను. "ఎక్కిందా బావా?"

"నువ్వు రాలేదుగా."

"మంటలు."

"తెలుసు. పేపర్లో చూశా. బేళ్ళ లెక్క కరెక్టేనా?"

"రెండుసార్లు అడిగాను."

తల ఊపాడు. స్పానరు నా చేతిలో పెట్టాడు. ముందు ఇరుసు కింద వేలు చూపించాడు.

2 మార్చి. గుంటూరు.

ఆదివారం మళ్ళీ వెళుతున్నాను. ఆరాధన తొమ్మిదింటికి అని అక్క ఉత్తరం. నన్నూ లోపలికి రమ్మంటోంది, మీ బావ పక్కన చోటుంది అంటోంది. వెళ్ళాలో లేదో. బండి సంగతి అడగాలో లేదో.

చాప మీద పక్కపక్కన కూర్చుంటే అడగడం తేలికేమో. అక్కడైతే అబద్ధం చెప్పడు. అందుకే అడగకూడదేమో...